తొమ్మిది లీగ్ టైటిళ్లు గెలిచిన ఇరాన్ స్టాపర్ గురించి ఎవరైనా మాట్లాడతారా? (జలాల్ హొస్సేనీ)

మలక్‌పేట_స్టాపర్
మొన్న పాత మ్యాచ్‌లు తిరగేస్తుంటే 2021 ఏప్రిల్ నాటి మ్యాచ్ కనబడింది, మన ఎఫ్‌సీ గోవా, ఇరాన్ క్లబ్ పర్సెపోలిస్. కరోనా సెకండ్ వేవ్ రోజులు, ఫతోర్దా స్టేడియంలో ప్రేక్షకులు లేరు, ఆటగాళ్ల అరుపులు మైకులో వినబడుతున్నాయి. ఆసియా క్లబ్బుల పెద్ద టోర్నీ ఏషియన్ చాంపియన్స్ లీగ్ గ్రూప్ దశకి మన దేశం నుంచి ఒక క్లబ్ వెళ్లడం అదే మొదటిసారి. 14వ నిమిషంలో గోవా ఆటగాడు ఎడూ బెడియా గోల్ కొట్టాడు. మేం ఇంట్లో గంతులేశాం, మా అమ్మ వచ్చి ఎవరికేమైందిరా అని కంగారు పడింది. ఆ సంబరం కొద్ది నిమిషాలే. వాళ్ల తొరాబీ పెనాల్టీతో సమం చేశాడు, కాసేపటికి గడ్డం పెద్దమనిషి ఒకడు మన వాళ్ల మధ్య నుంచి లేచి తలతో కొట్టేశాడు. 2-1. మ్యాచ్ అలాగే అయిపోయింది.

ఎవరీయన అని చూస్తే పేరు సయ్యద్ జలాల్ హొస్సేనీ, వయసు అప్పటికే 39, ఆడేది నా పొజిషనే, స్టాపర్, అంటే గోల్ ముందు మధ్యలో నిలబడి అడ్డుకునే డిఫెండర్. ఇరాన్ లీగ్ తొమ్మిదిసార్లు గెలిచాడు, మూడు వేర్వేరు క్లబ్బులతో. అక్కడ అంతకంటే ఎక్కువ గెలిచినవాడు లేడు. ఇంత ఉన్నా ఆయన మీద తెలుగులో ఒక్క ముక్క లేదు. అందుకే ఈ టాపిక్ పెడుతున్నా, తెలిసినవాళ్లు రండి.

బార్సా_భక్తుడు
అన్నా, ఇరానీ అంటే నాకు తెలిసింది చాయ్ ఒక్కటే, దాంతోపాటు ఉస్మానియా బిస్కెట్. జోకు పక్కన పెడితే, ఇరాన్ లీగ్‌లో తొమ్మిదేంటి, తొంభై గెలిచినా ఏం లాభం? యూరప్‌లో ఒక్క సీజన్ ఆడాడా?

మలక్‌పేట_స్టాపర్
ఆడలేదు. ఇరాన్ బయట ఆడింది ఖతార్‌లోనే, దోహా అల్ అహ్లీకి కొన్నాళ్లు. కానీ యూరప్ వెళ్లకపోతే ఆటగాడే కాదంటే మన ఇండియా స్టార్ సునీల్ ఛెత్రీని ఏం చేద్దాం?

గోల్‌కిక్_గోపి
బార్సా తమ్ముడూ, ఇరాన్ లీగ్‌ని మరీ అంత తీసిపారేయకు, అది మన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కాదు. ఆజాదీ స్టేడియంలో పర్సెపోలిస్, ఎస్తెగ్లాల్ డెర్బీ, అంటే ఒకే ఊరి రెండు క్లబ్బుల పోరు, జరిగితే టెహ్రాన్‌లో ఇంటింటికీ ఎర్ర నీలం గొడవే.

జలాల్ కెరీర్‌లో నాకు నచ్చేది క్లబ్బుల వరస. పుట్టింది కాస్పియన్ ఒడ్డున బందరె అంజలీ, 1982లో. ఊరి క్లబ్ మలవాన్‌తో మొదలుపెట్టాడు, దానికి నేవీతో సంబంధం, మలవాన్ అంటేనే ఓడ మీద పనిచేసేవాడు. తర్వాత సైపా, అది కార్ల కంపెనీ క్లబ్. ఆ తర్వాత ఇస్ఫహాన్ సెపాహాన్, అది ఉక్కు ఫ్యాక్టరీది. మధ్యలో నఫ్త్ టెహ్రాన్, నఫ్త్ అంటే ముడి చమురు. నేవీ, కార్లు, ఉక్కు, ఆయిల్ అన్నీ తిరిగొచ్చాడు, పబ్లిక్ సెక్టార్ ఉద్యోగి ట్రాన్స్‌ఫర్ల లాగ. వాళ్ల లీగ్ ఎక్కువ భాగం ఇలాగే నడుస్తుంది, ప్రతి క్లబ్ వెనకా ఏదో ఒక పెద్ద సంస్థ ఉంటుంది. పర్సెపోలిస్‌ని కూడా చాలా ఏళ్లు వాళ్ల క్రీడా శాఖే నడిపింది.

బందరు_లడ్డు
ఒక్క నిమిషం. బందరె అంజలీనా? మాది బందరండీ, అదే మచిలీపట్నం. బందర్ అంటే పారశీకంలో రేవు అని మా లెక్చరర్ చెప్పేవారు, గోల్కొండ సుల్తానుల కాలంలో పర్షియా ఓడలు మా రేవుకే వచ్చేవట, ఆ పేరే మా ఊరికి అంటుకుపోయింది. ఈయనది కూడా బందరేనన్నమాట! నాకు ఫుట్‌బాల్‌లో ఓనమాలు రావు, కానీ ఈ రోజు నుంచి నేను ఈయన పార్టీ.

గోల్‌కిక్_గోపి
హహ, రండి బందరు గారూ. చేపలు, వాన, సముద్రం, అన్నీ మీ ఊరి లాగే. సిరూస్ ఘాయెఘ్రాన్ అని 1990 ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్ స్వర్ణం గెలిచినప్పటి కెప్టెన్, ఆయనదీ అదే ఊరు, అదే మలవాన్. 1998లో కారు ప్రమాదంలో పోయాడు. ఆ ఊళ్లో ఫుట్‌బాల్ ఆడుతూ పెరిగిన పిల్లాడు ఆ పేరు వినకుండా ఉండడు.

శారద_కె
సైపా గురించి ఒక మాట. 2006-07లో సైపా లీగ్ గెలిచినప్పుడు కోచ్ అలీ దాయీ, కోచే కాదు, ఆడుతూనే కోచింగ్ చేశాడు. దేశానికి వందకి పైగా గోల్స్ కొట్టినవాడు, రొనాల్డో దాటేదాకా ఆ రికార్డు ఆయనదే. మలవాన్ నుంచి అప్పుడే వచ్చిన జలాల్‌కి మొదటి సీజన్‌లోనే టైటిల్ దక్కింది, అదే 2007లో జాతీయ జట్టులోకీ వచ్చాడు. ప్రాక్టీస్‌లో రోజూ అలీ దాయీ లాంటి, తలతో గోల్స్ కొట్టేవాణ్ణి మార్క్ చేస్తే గాల్లో బంతి ఎందుకు పోగొట్టుకుంటాడు చెప్పండి.

ఆ తర్వాత సెపాహాన్‌తో వరసగా మూడు, 2010, 11, 12. అక్కడికి నాలుగు.

బార్సా_భక్తుడు
సరే, పేరు ఇప్పుడు గుర్తొచ్చింది. 2014 వరల్డ్ కప్, బెలో హొరిజాంటే, అర్జెంటీనాతో మ్యాచ్, మనకి రాత్రి తొమ్మిదిన్నరకి మొదలైంది. మెస్సీ ఫ్యాన్‌ని కదా, ఇరాన్ మీద నాలుగు గోల్స్ అని హాస్టల్లో బిర్యానీ పందెం కాశాను. తొంభై నిమిషాలు ఆ ఎర్ర చొక్కాల గోడ కదల్లేదు. పైగా వాళ్లే రెండు మూడుసార్లు గోల్ కొట్టేంత పని చేశారు, మా కీపర్ రొమేరో ఆపకపోతే మా పని అయిపోయేది. 91వ నిమిషంలో మెస్సీ ఎడమ కాలితో తిప్పి కొట్టాడు, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాం. నాలుగు రాలేదు కాబట్టి పందెం మాత్రం ఓడిపోయాను. ఆ గోడలో ఈయన ఉన్నాడా?

మలక్‌పేట_స్టాపర్
ఉండటమేంటి, గోడ మధ్యలో ఇటుకే ఆయన. పక్కన అమీర్‌హొస్సేన్ సాదెఘీ. మెస్సీ, అగ్వేరో, హిగ్వాయిన్, డి మరియా నలుగురూ మీద పడుతుంటే ఎవరూ ముందుకి ఉరకలేదు, అది చూడాలి. మన లీగుల్లో స్టాపర్‌కి ఉండే జబ్బు అదే, ఫార్వర్డ్ కాలు కదిపాడంటే మనం కింద పడి స్లయిడ్ చేస్తాం, వాడు పక్కకి తోసుకుని పోతాడు. జలాల్ స్లయిడ్ చేయడం నేను చాలా తక్కువ చూశాను. వంగి, పక్కకి తిరిగి, అడుగు వెనక్కి వేస్తూ వేస్తూ ఎదుటివాడిని బయటికి, మూలకి తోలుకుపోతాడు. గొడ్లు కాసేవాడు కర్ర ఎత్తకుండానే మందని మళ్లించినట్టు.

కూకట్‌పల్లి_కౌంటర్ఎటాక్
2018లో కూడా బాగా ఆడాడు కదా హొస్సేనీ! స్పెయిన్ మ్యాచ్‌లో డియెగో కోస్టాకి చుక్కలు చూపించాడు, గోల్ కూడా ఏదో మోకాలికి తగిలి వెళ్లింది అంతే.

శారద_కె
బ్రో ఆ హొస్సేనీ వేరు, ఈ హొస్సేనీ వేరు. స్పెయిన్ మ్యాచ్‌లో ఆడింది మజీద్ హొస్సేనీ, అప్పటికి 22 ఏళ్ల కుర్రాడు. జలాల్‌ని 2018 జట్టులోకి తీసుకోనే లేదు!

కూకట్‌పల్లి_కౌంటర్ఎటాక్
ఆఁ? నిజంగా? అయితే నేను ఇన్నేళ్లూ ఇద్దరినీ ఒకరే అనుకుంటున్నా 🙈

శారద_కె
నవ్వొస్తుంది కానీ అసలు బాధ అక్కడే ఉంది. 2018 క్వాలిఫయింగ్ ఆఖరి రౌండ్ గుర్తుందా? పది మ్యాచ్‌లు. మొదటి తొమ్మిదింటిలో ఇరాన్ ఒక్క గోల్ కూడా తినలేదు. ఆఖర్న, అప్పటికే వరల్డ్ కప్‌కి వెళ్లడం ఖాయమయ్యాక, సిరియాతో 2-2. అంతే, మొత్తం రౌండ్‌లో రెండే గోల్స్. ఆ వెనక లైన్‌కి పెద్ద దిక్కు జలాల్. తీరా వరల్డ్ కప్‌కి రష్యా వెళ్లే టైముకి ఇరాన్ కోచ్ కార్లోస్ కెయిరోష్ జాబితా చదివితే ఆయన పేరు లేదు. 36 ఏళ్ల వయసు, అదే ఆఖరి అవకాశం.

ఊరంతా పిలిచి, పందిరి వేయించి, వంట దగ్గరుండి చేయించి, భోజనాల వేళకి నువ్వు బయట నిలబడు అన్నట్టు.

బార్సా_భక్తుడు
నేను కోచ్ వైపు మాట్లాడతాను, తిట్టుకోకండి. క్వాలిఫయర్లు వేరు, వరల్డ్ కప్ వేరు. మొదటి రెండు మ్యాచ్‌లు మొరాకో, స్పెయిన్, మూడోది రొనాల్డో. 36 ఏళ్ల స్టాపర్ వెనక ఖాళీ వదిలితే రొనాల్డో ఊరుకుంటాడా? ఫలితం చూడండి, మొరాకో మీద గెలుపు, స్పెయిన్‌తో 0-1, పోర్చుగల్‌తో 1-1. మూడు మ్యాచ్‌ల్లో తిన్నది రెండే గోల్స్. కెయిరోష్ లెక్క తప్పలేదు.

గోల్‌కిక్_గోపి
లెక్క తప్పలేదు, ఒప్పుకుంటాను. మజీద్ అద్భుతంగా ఆడాడు, అదీ మొదటి మ్యాచ్ తర్వాత, ఆ స్థానంలో ఆడిన చెష్మీకి గాయమైతేనే లోపలికొచ్చాడు, ఆ వెంటనే టర్కీ క్లబ్ ఎత్తుకుపోయింది. కానీ నా ప్రశ్న వేరు. 23 మందిలో ఒక్క కుర్చీ ఇవ్వడానికి ఏమైంది? ఆడించకపోయినా డ్రెస్సింగ్ రూమ్‌లో ఉండేవాడు కదా. అప్పట్లో కెయిరోష్‌కీ పర్సెపోలిస్ కోచ్ బ్రాంకో ఇవాంకోవిచ్‌కీ మాటల యుద్ధం పేపర్లకెక్కేంతగా నడిచేది. ఆ గొడవ వల్లే తీసేశారని నేను అనను, ఎవరి మనసులో ఏముందో మనకెందుకు. కానీ పర్సెపోలిస్ అభిమానులకి ఆ అనుమానం రాదని మాత్రం ఎవరూ చెప్పలేరు.

పాతబంతి
చాలాసేపటి నుంచి చదువుతున్నా, ఇప్పుడు రాస్తున్నా. నేను డెబ్బైల్లో హైదరాబాద్‌లో డిపార్ట్‌మెంట్ టీముకి ఆడినవాణ్ణి, స్టాపర్ బ్యాక్‌గానే. అరవై ఏడేళ్లు నాకు, టైపింగ్ తప్పులుంటే సర్దుకోండి.

బాబూ బార్సా, ఇరాన్ అంటే చాయ్ ఒక్కటే అన్నావు. 1951లో ఢిల్లీలో మొదటి ఏషియన్ గేమ్స్ ఫైనల్ ఎవరి మీద ఆడామో తెలుసా? ఇరాన్ మీదే. మేవాలాల్ గోల్‌తో 1-0. మన కోచ్ హైదరాబాదీ, రహీమ్ సాబ్. అప్పటికి వాళ్లూ మనమూ సమ ఉజ్జీలం. 2015లో బెంగళూరులో వాళ్లు వచ్చి 3-0 కొట్టి వెళ్తే గౌరవంగా ఓడాం అని సంతోషపడ్డాం. ఈ మధ్యలో ఏం జరిగిందో ఇంకో టాపిక్ పెట్టండి, నేను రాత్రంతా రాస్తాను.

ఇక ఈ జలాల్. శారదమ్మ లింకు పంపితే రెండు మ్యాచ్‌లు చూశాను. మీరంతా ఆయన తల గురించి, కాళ్ల గురించి రాస్తున్నారు. మెడ చూడండి. రెక్క మీద, అంటే మైదానం అంచున బంతి ఉన్నప్పుడు, క్రాస్ (అక్కణ్ణుంచి గోల్ ముందుకి కొట్టే బంతి) వచ్చేలోపు మూడు నాలుగుసార్లు వెనక్కి చూస్తాడు, పావు సెకను చొప్పున. బంతి, మనిషి, మళ్లీ బంతి, మళ్లీ మనిషి. ఈలోపు ఎడమ చెయ్యి చాచి పక్కవాడికి నువ్వు ఇటు రా అని చూపిస్తూనే ఉంటుంది. క్రాస్ వచ్చేటప్పటికి ఆయన చేయాల్సిన పని ఏమీ మిగలదు, నిలబడ్డచోటే రెండడుగులు వేసి తలాడిస్తాడు. టీవీలో చూసేవాడికి బంతే వెతుక్కుంటూ ఆయన దగ్గరికి వచ్చినట్టుంటుంది.

మలక్‌పేట_స్టాపర్
సార్ మీరు రోజూ రాయాలి ఇక్కడ 🙏

దోహా_సురేష్
నేను ఖతార్‌లో ఉంటాను, మాది నిజామాబాద్ దగ్గర పల్లె. 2020 డిసెంబర్ 19, అల్ వక్రాలో అల్ జనూబ్ స్టేడియం, ఏషియన్ చాంపియన్స్ లీగ్ ఫైనల్, పర్సెపోలిస్, కొరియా క్లబ్ ఉల్సాన్ హ్యుందాయ్. కరోనా వల్ల కొద్దిమందినే రానిచ్చారు. మా సైట్‌లో ఇరానీ ఫోర్‌మన్ ఒకాయన టికెట్ సంపాదించాడు, తోడు రమ్మన్నాడు, నాకేమో ఆట పెద్దగా తెలీదు, స్టేడియం లోపల చూడొచ్చు కదా అని వెళ్లాను.

ఫస్టాఫ్ చివర్లో పర్సెపోలిస్ ఆటగాడు మెహ్దీ అబ్దీ గోల్ కొట్టాడు. మా ఫోర్‌మన్ నన్ను ఎత్తి కుర్చీ మీద నిలబెట్టినంత పని చేశాడు. సంబరం పూర్తికాకుండానే హాఫ్ టైమ్‌లోపే ఉల్సాన్‌కి పెనాల్టీ. మా కీపర్ హామెద్ లాక్ ఆపాడు! ఆపిన బంతి తిరిగి జూనియర్ నెగ్రావ్ కాళ్ల దగ్గరికే పోయింది, కొట్టేశాడు. సెకండాఫ్ మొదట్లో ఇంకో పెనాల్టీ, మళ్లీ అతనే. 2-1. అయిపోయాక మిగతావాళ్లు గడ్డి మీద కూలబడ్డారు. మా ఫోర్‌మన్ కారు దాకా ఒక్క మాట మాట్లాడలేదు, కారెక్కాక ఒకటే అన్నాడు, సయ్యద్‌కి ఇక రాదు అని. అప్పుడు ఆ సయ్యద్ ఎవరో నాకు తెలీదు. ఇవాళ ఈ టాపిక్ చదివాక తెలిసింది.

శారద_కె
సురేష్ గారూ, ఇది చదివి మనసు అదోలా అయిపోయింది. అది ఆయన ఓడిన రెండో ఫైనల్. మొదటిది 2018లో, జపాన్ క్లబ్ కషిమా యాంట్లర్స్ మీద. అక్కడ 2-0 ఓడి వచ్చి, నవంబర్ 10న ఆజాదీలో 0-0. వరల్డ్ కప్‌కి తీసుకోలేదన్న ఏడాదే, ఆరు నెలలు తిరక్కుండా, అదే మనిషి కెప్టెన్‌గా క్లబ్‌ని ఆసియా ఫైనల్‌కి తీసుకెళ్లాడు. అది కూడా ఎలాంటి జట్టుతో? వాళ్ల ఫార్వర్డ్ తారెమీ టర్కీ కాంట్రాక్ట్ గొడవలో ఫిఫా పర్సెపోలిస్‌ని కొత్త ఆటగాళ్లని చేర్చుకోకుండా నిషేధించింది. ఉన్నవాళ్లతోనే నెట్టుకొచ్చారు.

ఇంకొకటి, ఆటకి సంబంధం లేనిదే అయినా రాస్తాను. ఆ ఆజాదీ ఫైనల్‌కి కొన్ని వందలమంది ఆడవాళ్లని లోపలికి రానిచ్చారు, ఎంచుకున్నవాళ్లనే, వేరే స్టాండ్‌లో. అప్పట్లో మామూలుగా అయితే పురుషుల మ్యాచ్‌కి గేటు దాటనిచ్చేవారు కాదు. నేను ఎల్బీ స్టేడియంలో నాన్నతో కూర్చుని పల్లీలు తింటూ మ్యాచ్‌లు చూసి పెరిగాను. తన జట్టు కెప్టెన్‌ని జీవితంలో మొదటిసారి కళ్లతో చూసే రోజు ఆ జట్టు గోల్ కొట్టలేక ఓడిపోతే ఎలా ఉంటుందో అని చాలాసార్లు అనుకున్నా.

కూకట్‌పల్లి_కౌంటర్ఎటాక్
లెక్క కలవట్లేదు. సైపా 1, సెపాహాన్ 3. మిగతా అయిదూ పర్సెపోలిస్‌వేనా?

గోల్‌కిక్_గోపి
అవును. 2017 నుంచి 2021 దాకా వరసగా అయిదు. మూడు వేర్వేరు కోచ్‌ల కింద, బ్రాంకో, కాల్దెరోన్, గోల్‌మొహమ్మదీ. పక్కన ఆడే స్టాపర్లు మారారు, కీపర్ బేరన్వాండ్ బెల్జియం వెళ్లిపోయాడు, శొజా ఖలీల్‌జాదే ఖతార్ వెళ్లాడు, ఈయన మాత్రం కదల్లేదు.

దీని ముందు కథ కూడా వినండి. 2015-16లో పర్సెపోలిస్ పాయింట్లలో సమానంగా ఉండి కూడా గోల్ తేడాతో (కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేస్తే మిగిలేది) టైటిల్ పోగొట్టుకుంది, ఎస్తెగ్లాల్ ఖూజెస్తాన్ ఎగరేసుకుపోయింది. గోల్ తేడాతో! 2008 తర్వాత వాళ్లకి లీగ్ రాలేదు. ఆ వేసవిలో జలాల్ రెండోసారి పర్సెపోలిస్‌కి వచ్చాడు. ఆ తర్వాత అయిదేళ్లు ఎవరికీ ఇవ్వలేదు. ఇదంతా ఒక్కడి గొప్పే అని అనను. కానీ గోల్ తేడాతో పోయిన టీము ముందుగా ఏం కొనుక్కోవాలో వాళ్లకి తెలిసింది.

బార్సా_భక్తుడు
సరే, ఒప్పుకున్నా. 2018లో కూడా తీసుకెళ్లాల్సింది, కనీసం బెంచి మీదకి. కానీ ఆడించేవాణ్ణి కాదు!! ఆ ముక్క వెనక్కి తీసుకోను.

పాతబంతి
నేనైనా ఆడించను బాబూ. ముప్పై ఆరేళ్లకి నా మోకాళ్లు ఎలా ఉన్నాయో నాకు తెలుసు. ఆయన ఇంకో నాలుగేళ్లు ఆడి నలభయ్యో ఏట 2022లో మానేశాడంటే అది వేరే మనిషి శరీరం.

వరంగల్_నంబర్4
నమస్తే అందరికీ. నేను ఇంటర్ సెకండియర్, కాలేజ్ టీములో స్టాపర్‌ని. పాతబంతి తాతగారూ, మెడ తిప్పి చూడటం ప్రాక్టీస్ చేయాలంటే ఎలా? నేను చూసేలోపు బంతి వచ్చేస్తుంది.

పాతబంతి
బంతి వచ్చేటప్పుడు కాదు నాన్నా చూడాల్సింది. ఎదుటివాడు బంతి ముందుకి తోసుకుంటాడు చూడు, తన కాలికి దూరంగా, ఆ అరక్షణం వాడు కొట్టలేడు. అప్పుడు చూడు. ఇంట్లో గోడకి బంతి కొట్టుకుంటూ, అది తిరిగొచ్చేలోపు వెనకున్న గడియారంలో టైమ్ ఎంతో చెప్పు. నెల రోజులు చెయ్యి.

వరంగల్_నంబర్4
(వారం తర్వాత) తాతగారూ అప్‌డేట్. ఆదివారం మ్యాచ్ ఆడాం. మొదటి క్రాస్‌కి మీరు చెప్పినట్టే వెనక్కి చూశాను, వాడు ఎక్కడున్నాడో దొరికింది, క్లియర్ చేశాను. రెండోదీ చేశాను. సెకండాఫ్‌లో బాగా ఊపొచ్చి అయిదుసార్లు చూశాను, ఆరోసారి చూస్తుండగా బంతి నా రెండు కాళ్ల మధ్య నుంచి వెళ్లిపోయింది. 1-0 ఓడిపోయాం. కోచ్ సార్ నన్ను పక్షుల్ని చూస్తున్నావా అన్నారు.

పాతబంతి
మూడుసార్లు చాలు. నాలుగోది బంతి వైపే.